పెద్దవారితో ఐరోపా రైలు ప్రయాణం: కుటుంబీకులు ముందుగా సిద్ధపరచవలసినవి

మా ఓ.పి.లో ఈ మధ్య తరచుగా వినబడుతున్న ప్రశ్న ఒకటున్నది. "సిస్టర్, అమ్మను జర్మనీలో ఉన్న తమ్ముడి దగ్గరకు తీసుకువెళ్తున్నాము. అక్కడి నుండి రైలులో నాలుగు దేశాలు చూపించాలనుకుంటున్నాము. షుగరు ఉన్నది, మోకాళ్ళ నొప్పులున్నాయి. వెళ్ళవచ్చునా?" పిల్లలు ఐరోపాలో ఉద్యోగాలు చేసుకుంటున్న ఇళ్ళు మన ఊళ్ళలో ఇప్పుడు చాలా ఉన్నాయి. అందువలన ఈ ప్రశ్న రావడం సహజమే.

ఈ ప్రశ్న నాకూ ఎదురైంది. 2023 మే నెలలో మా అమ్మగారిని వెంటబెట్టుకొని, కొలోన్ నగరంలో ఉన్న మా తమ్ముడి ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఆమెకు 71 సంవత్సరాలు. 15 సంవత్సరాలుగా షుగరు, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్. కొలోన్ నుండి బ్రస్సెల్స్, పారిస్, స్విట్జర్లాండులోని లూసెర్న్ రైలులో చూసి తిరిగి కొలోన్ చేరాము. నర్సునై ఉండి కూడా నేను చేసిన పొరపాట్లు కొన్ని ఉన్నాయి. అవి మీరు చేయకూడదని ఈ పాఠం వ్రాస్తున్నాను.

ముందుగా డాక్టరుగారు, తరువాత టిక్కెట్టు

చాలామంది టిక్కెట్లు కొన్న తరువాత ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కోసం వస్తారు. అప్పుడు డాక్టరుగారు వద్దంటే మనస్తాపం, డబ్బు నష్టం రెండూను. కనీసం రెండు నెలల ముందు తీసుకురండి. ఈ మధ్యనే గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, పెద్ద ఆపరేషను అయినవారు, నాలుగు అడుగులు వేస్తేనే ఆయాసం వచ్చేవారు డాక్టరుగారు ఒప్పుకునే వరకు ఆగాలి. మిగిలినవారికి బి.పి., షుగరు, మూత్రపిండాల పరీక్ష, రక్తహీనత, కాళ్ళ పరీక్ష చేయించాలి. రక్తం పలుచబడే మందు వాడేవారు బయలుదేరే ముందు వారంలో రక్తపరీక్ష చేయించుకోవాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి అడగండి.

ఆసుపత్రిలో చేయలేని పరీక్ష ఒకటున్నది, అది మీరే చేయాలి. పెద్దవారిని సికింద్రాబాదు నుండి విజయవాడకు, లేదా మీకు దగ్గరలో నాలుగైదు గంటల దూరమున్న ఊరికి, పగటి రైలులో తీసుకువెళ్ళండి. కూలీని పెట్టుకోవద్దు. ఐరోపా స్టేషనులో మన ఎర్రచొక్కా కూలీలు కనబడరు, ఎవరి పెట్టె వారే లాగుకోవాలి. ఫుట్‌బ్రిడ్జి మెట్లు ఎక్కించండి. మరునాడు ఊరు చూపించి ఆ మరునాడు తిరిగి రండి. ఇంటికి చేరాక రెండు రోజులు మంచం మీద నుండి లేవలేకపోతే, మీరు వ్రాసుకున్న ప్రణాళికలో సగం కొట్టివేయవలసి ఉంటుంది. మా అమ్మగారికి ఈ పరీక్ష చేసిన తరువాతే మేము ఇటలీని తీసివేశాము. ఆమెకు కొంచెం కోపం వచ్చింది.

ఎన్ని ఊళ్ళు?

పిల్లలు ప్రేమతో చేసే పొరపాటు ఇక్కడే. "ఇంత ఖర్చు పెట్టి వెళ్తున్నాము కదా" అని పది రోజులలో ఎనిమిది ఊళ్ళు పెడతారు. అలా తిరిగి వచ్చిన ఒక పెద్దావిడ తరువాత మా వార్డులో మూడు వారాలు ఉన్నారు. ప్రయాణానికని కొన్న కొత్త బూట్లు మడమ మీద ఒరుసుకొన్నాయి. షుగరు వలన కాలిలో స్పర్శ తగ్గిపోయింది కనుక ఆమెకు నొప్పి తెలియలేదు. రోజూ ఊరు మారుతుండుటవలన సాక్సు విప్పి చూసినవారు లేరు. ఎనిమిదవ రోజున సాక్సుకు చీము అంటుకొన్న తరువాత గాని ఇంట్లోవారు గుర్తించలేదు. ఒక వేలు తీసివేయవలసి వచ్చింది.

కావున రెండు మూడు ఊళ్ళను మకాముగా పెట్టుకోండి. ఒక్కొక్క చోట కనీసం మూడు రాత్రులు ఉండండి. రైలు ప్రయాణం ఒక రోజుకు నాలుగు గంటలు దాటకూడదు, దాటితే మరునాడు విశ్రాంతి. ఐరోపాలో దూరాలు తక్కువ కనుక ఇది కష్టం కాదు. కొలోన్ నుండి బ్రస్సెల్స్‌కు రెండు గంటల లోపే. బ్రస్సెల్స్ నుండి పారిస్‌కు గంటన్నర కూడా పట్టదు. పారిస్ నుండి జ్యూరిక్‌కు నాలుగు గంటలు, అక్కడి నుండి లూసెర్న్‌కు గంట లోపు. మధ్యలో రైలు మారవలసిన చోట కనీసం ఒక గంట వ్యవధి ఉంచండి. అక్కడి రైళ్ళు గడియారం ముల్లులాగా నడుస్తాయని మనకొక అభిప్రాయం. స్విట్జర్లాండు సంగతి నిజమే గాని, జర్మనీలో 2024లో దూరప్రాంత రైళ్ళు నూటికి 62 మాత్రమే సమయానికి చేరాయి. అయిదు నిమిషాల వ్యవధి చూపించే టిక్కెట్టు కుర్రవారికి సరే, కర్ర పట్టుకొని నడిచేవారికి కాదు.

రాత్రి పడుకొని వెళ్ళే రైళ్ళు మళ్ళీ పెరుగుతున్నాయి. హోటలు ఖర్చు కలిసివస్తుందని కొందరు వాటిని ఎంచుకుంటారు. ఇరుకైన బెర్తు, పైకి నిచ్చెన, రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవవలసిన మనిషి, కదిలే రైలు! పడిపోవడానికి ఇంతకంటె ఏమి కావాలి? నా మట్టుకు నేను పగటి రైలే మంచిదంటాను.

వీసా, బీమా

షెన్‌జెన్ ఒప్పందంలో ఉన్న 29 దేశాలకు ఒకటే వీసా చాలు. ఏ 180 రోజులలోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు తీసుకుంటారు. వేసవిలో రద్దీ ఎక్కువ కనుక ఆలస్యం చేయవద్దు. ఇంగ్లాండుకు, ఐర్లాండుకు ఈ వీసా పనికిరాదు. పారిస్ వరకు వెళ్ళి సముద్రం క్రింది సొరంగంలో లండన్ చూసి వద్దామనుకునేవారు ఇది గమనించాలి. 2025 అక్టోబరు నుండి షెన్‌జెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. వరుసలో నిలబడే సమయం పెరగవచ్చు కనుక, విమానం టిక్కెట్టు కొనేటప్పుడే చక్రాల కుర్చీ కోరండి. దానికి డబ్బు తీసుకోరు. సిగ్గుపడవలసినది కూడా ఏమీ లేదు.

వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆ కాగితం ఉంటే వీసా వస్తుంది, అంతమాత్రాన మీ నాన్నగారి గుండెజబ్బుకు అది పనిచేస్తుందని అనుకోవద్దు. చాలా పాలసీలలో ముందు నుండి ఉన్న జబ్బులకు రక్షణ ఉండదు, లేదా ప్రాణాపాయం వరకే ఉంటుంది. ప్రీమియం తగ్గుతుందని షుగరు, బి.పి. దాచిపెట్టేవారున్నారు. అక్కడ ఆసుపత్రిలో చేర్చినప్పుడు పాత రిపోర్టులన్నీ బయటకు వస్తాయి, బీమా కంపెనీ డబ్బు ఇవ్వనంటుంది. ఖర్చు ఎక్కువైనా ఉన్న జబ్బులన్నీ వ్రాసి, వాటికి రక్షణ ఉన్న పాలసీ తీసుకోండి. ఏజెంటు చెప్పిన మాట కాదు, కాగితం మీద ఉన్న మాట చదవండి.

రైలు టిక్కెట్టు ఏది?

మన దేశం నుండి వెళ్ళేవారికి యూరైల్ పాస్ ఉన్నది. ఒక నెలలో 4, 5 లేక 7 రోజులు, రెండు నెలలలో 10 లేక 15 రోజులు ప్రయాణం చేసే విధంగా దొరుకుతుంది. 60 సంవత్సరాలు నిండినవారికి నూటికి పది తగ్గింపు. అక్కడే నివసిస్తున్న మీ అబ్బాయికి ఈ పాస్ వర్తించదు, అతడు ఇంటర్‌రైల్ అనే పాస్ తీసుకోవాలి. అతడు నివసించే దేశంలో ఆ పాస్ బయటకు వెళ్ళడానికి ఒకసారి, తిరిగి రావడానికి ఒకసారి మాత్రమే చెల్లుతుంది.

పాస్ ఎప్పుడూ చవక కాదు. రెండు మూడు నెలల ముందు విడివిడిగా కొన్న టిక్కెట్లు తక్కువకే రావచ్చు. అయితే ఆ చవక టిక్కెట్లు మార్చుకోవడానికి సాధారణంగా వీలుండదు. పెద్దవారికి ఒక ఉదయం విరేచనాలు పట్టుకొన్నాయనుకోండి, టిక్కెట్టు పోతుందని బలవంతంగా లేవదీస్తారు. జర్మనీ, స్విట్జర్లాండు రైళ్ళలో పాస్ ఉంటే మరునాడు వెళ్ళవచ్చు. ఈ ఒక్క కారణం చేతనే నేను పాస్ తీసుకున్నాను. ఫ్రాన్సు వేగపు రైళ్ళకు, యూరోస్టార్‌కు పాస్ ఉన్నా సీటు రిజర్వేషను వేరుగా డబ్బు కట్టి చేయించాలి, అవి త్వరగా అయిపోతాయి. జర్మనీలో రిజర్వేషను లేకుండా ఎక్కవచ్చు గాని, పెద్దవారుంటే తప్పక చేయించండి. లేకపోతే రెండు గంటలు నిలబడవలసి వస్తుంది.

ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం నడవడం కష్టమైనవారికి స్టేషనులో ఎక్కించడానికి, దించడానికి సహాయం ఉచితంగా చేస్తారు. 24 గంటల ముందు రైల్వేవారికి తెలియజేయాలి. మా అమ్మగారు మొదట "నేనేమైనా కుంటిదాన్నా?" అన్నారు. బ్రస్సెల్స్‌లో మెట్లు చూసిన తరువాత మారుమాట్లాడలేదు.

పారిస్‌లో బ్రస్సెల్స్ రైలు దిగే స్టేషను ఒకటి, స్విట్జర్లాండు రైలు ఎక్కే స్టేషను మరొకటి. మధ్యలో భూగర్భ రైలున్నది, మెట్లూ తోపులాటా కూడా ఉన్నాయి. టాక్సీ వరుసలో నిలబడి టాక్సీ తీసుకోండి. జేబుదొంగలు కూడా ఎక్కువే. కావున మందులన్నీ ఒకే సంచీలో పెట్టరాదు. రెండు భాగాలు చేసి ఇద్దరి దగ్గర ఉంచండి.

మందుల సంచీ

ఇది శ్రద్ధగా చదవండి. ప్రయాణం రోజులకు సరిపడా మందులు, పైన మరొక పది రోజులకు, చేతిసంచీలోనే పెట్టుకోవాలి. మందు చీటీ మీద కంపెనీ పేరు కాక మందు అసలు పేరు ఇంగ్లీషులో వ్రాయించండి. మన దగ్గర ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి వస్తాయి, ఆ కలయికలు చాలావరకు అక్కడ దొరకవు. నిద్రమాత్రలు, నరాల మందులు, ఘాటైన నొప్పి మాత్రలు వాడేవారు డాక్టరుగారి ఉత్తరం తప్పక దగ్గర ఉంచుకోవాలి.

ఇన్సులిన్ వాడేవారి ఇంట్లోవారికి ఒక హెచ్చరిక. మన దేశంలో సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి తగిన 40 గీతల సిరంజి వాడుతాము. ఐరోపాలో దొరికేది 100 యూనిట్లది. మీ సీసా పగిలి అక్కడ కొత్తది కొని, ఇక్కడి నుండి తీసుకువెళ్ళిన సిరంజితో 20 గీత వరకు లాగితే, లోపలికి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు. మనిషి స్పృహ తప్పి ప్రాణం మీదకు వస్తుంది. అందుచేత ప్రయాణానికి ముందే డాక్టరుగారిని అడిగి పెన్నుకు మారడం మంచిది. పెన్ను ఇన్సులిన్ ఇక్కడా అక్కడా ఎక్కువగా 100 యూనిట్లదే, మోతాదు పెన్నే చూపిస్తుంది. మార్చిన తరువాత కనీసం నెల రోజులు ఇంట్లో అలవాటు చేయండి.

ఇన్సులిన్‌ను విమానంలో క్రిందకు వేసే పెట్టెలో పెట్టవద్దు, గడ్డకట్టిపోతే పనికిరాదు. హోటలు ఫ్రిజ్‌లో మంచు పెట్టెకు ఆనించి పెట్టవద్దు. వాడుకలో ఉన్నది ఎండ తగలకుండా ఉంటే సాధారణంగా నాలుగు వారాలు బయట ఉంచవచ్చు. అట్ట మీది సూచన ఒకసారి చూసుకోండి. మనకు, జర్మనీకి సమయంలో తేడా వేసవిలో మూడున్నర గంటలు, శీతకాలంలో నాలుగున్నర. వెళ్ళే రోజు పొడుగవుతుంది, వచ్చే రోజు కురచవుతుంది. ఆ రెండు రోజుల మోతాదు ముందే కాగితం మీద వ్రాయించుకోండి.

ఇప్పుడు నా పొరపాటు చెబుతాను. ఒక ఉదయం ఏడున్నరకు రైలు. ఆరున్నరకు హోటలు గదిలో అమ్మకు ఇన్సులిన్ ఇచ్చాను. ఫలహారశాల ఏడు గంటలకు గాని తెరవరు. టాక్సీ వచ్చేసింది. "రైలులో తిందాములే" అనుకున్నాను. రైలు ఎక్కాక చూస్తే భోజనం అమ్మే బోగీ ఆ రోజు మూసి ఉన్నది. ఎనిమిదిన్నరకు అమ్మ కిటికీ వైపు చూస్తూ నా మాటకు జవాబు చెప్పడం మానేశారు. నుదురు చెమట, చేతులు వణుకు. మీటరులో 54 చూపించింది. నా సంచీలో చక్కెర పొట్లాలు ఉండబట్టి సరిపోయింది. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగించాను, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూసి బిస్కెట్లు తినిపించాను. వార్డులో ప్రతిరోజూ "అన్నం ఎదురుగా ఉంటేనే ఇన్సులిన్" అని చెప్పే మనిషిని నేను! ఆ తరువాత ప్రయాణం చివరి వరకు, ముందు రాత్రే కొన్న రొట్టె, పెరుగు చేతిలోకి వచ్చాకే సూది తీశాను. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసివేస్తారు, పెద్ద స్టేషన్లలో ఉన్నవి మాత్రం తెరిచి ఉంటాయి. అది గుర్తుంచుకోండి.

నీళ్ళు, మూత్రం

దీని గురించి ఎవరూ మాట్లాడరు గాని, పెద్దవారి మనసులో ఉండే మొదటి భయం ఇదే. స్టేషన్లలో మరుగుదొడ్డికి చాలాచోట్ల ఒక యూరో వరకు చిల్లర కావాలి. ఆ భయంతో నీళ్ళు త్రాగడం మానేస్తారు. కొందరు నీరు పోయే బి.పి. మాత్ర ప్రయాణం రోజున దాచేస్తారు. మూత్రంలో మంట, జ్వరం, కాళ్ళవాపు, తల తిరిగి పడిపోవడం ఇలాగే మొదలవుతాయి. మాత్ర వేసుకునే వేళ మార్చవచ్చునేమో డాక్టరుగారిని అడగండి, మానవద్దు. చిల్లర నాణేలు వారి చేతికే ఇవ్వండి, ప్రతిసారీ మిమ్మల్ని అడగనక్కరలేకుండా. దూరప్రాంత రైళ్ళలో మరుగుదొడ్డి ఉచితం, దానికి దగ్గరగా ఉండే సీటు చూసి రిజర్వు చేయండి. అక్కడ కాగితమే తప్ప నీళ్ళుండవు, చిన్న సీసా ఒకటి సంచీలో వేయండి. కుళాయి నీరు త్రాగవచ్చు.

వేసవి ఎండలను తేలికగా తీసుకోవద్దు. మన ఎండలకు అలవాటైనవాళ్ళమని అనుకుంటాము. అక్కడ పాత ఇళ్ళలో, హోటళ్ళలో ఫ్యాను కూడా ఉండదు. 2003 ఆగస్టులో ఫ్రాన్సులో వడగాడ్పులకు దాదాపు 15,000 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది వృద్ధులు. పెద్దవారికి మే, జూన్ మొదటి భాగం, సెప్టెంబరు నెలలు అనుకూలం.

కాళ్ళు, గదులు, కొండలు

హైదరాబాదు నుండి జర్మనీకి నేరుగా వెళ్ళినా విమానంలో తొమ్మిది పది గంటలు. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే కాలి నరాలలో రక్తం గడ్డకట్టవచ్చు. గంటకొకసారి మడమలు ఎత్తి దించాలి, రెండు గంటలకొకసారి లేచి నడవాలి. బిగుతు మేజోళ్ళు అందరికీ పనికిరావు. షుగరు వలన కాళ్ళకు రక్తప్రసరణ తగ్గినవారు డాక్టరుగారిని అడగకుండా వేసుకోకూడదు. బూట్లు రెండు నెలల ముందు కొని ఇంట్లో వాడించండి. పాత ఊళ్ళలో వీధులన్నీ ఎగుడుదిగుడు రాళ్ళ పరుపు. ప్రతి రాత్రి సాక్సు విప్పి, దీపం వెలుగులో వేళ్ళ సందులు, మడమలు మీరే చూడండి. వారు "ఏమీ లేదులే" అన్నా చూడండి.

హోటలు తీసుకునేటప్పుడు లిఫ్టు ఉన్నదా, స్నానానికి తొట్టె ఉన్నదా, నేల మీద నిలబడి చేసే ఏర్పాటున్నదా అని అడగండి. తొట్టె అంచు దాటబోయి తుంటి ఎముక విరగడం ఎంత సులువో ఆర్థోపెడిక్ వార్డులో పనిచేసినవారికి తెలుసు. రబ్బరు చాప ఒకటి పెట్టెలో వేయండి, బరువు లేదు.

స్విట్జర్లాండు వెళ్ళిన ప్రతివారూ యుంగ్‌ఫ్రౌయోఖ్ చూడమంటారు. రైలే పైదాకా తీసుకువెళ్తుంది, నిజమే. కాని ఆ స్టేషను ఎత్తు 3,454 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం కంటె మూడవ వంతు తక్కువ. గుండెజబ్బు, ఆయాసం, రక్తహీనత ఉన్నవారు కొన్ని గంటలలోనే అంత ఎత్తు ఎక్కడం మంచిది కాదు, డాక్టరుగారు ఒప్పుకుంటేనే వెళ్ళాలి. మేము లూసెర్న్ నుండి పడవలో విట్స్‌నావు వెళ్ళి, అక్కడ పళ్ళ చక్రాల రైలు ఎక్కి రిగి కొండ చూశాము. 1871లో మొదలైన ఈ రైలు ఐరోపాలో మొట్టమొదటి కొండ రైలు. ఎత్తు దాదాపు 1,800 మీటర్లు. మంచు కొండలన్నీ కనబడతాయి, ఊపిరి ఆడుతుంది. అమ్మకు ప్రయాణం మొత్తంలో నచ్చింది ఆ పడవే, కూర్చున్నచోటి నుండి లేవకుండా అన్నీ చూడవచ్చునని. కొలోన్‌లో పెద్ద చర్చి స్టేషను ప్రక్కనే ఉంటుంది. గోపురానికి 533 మెట్లు, లిఫ్టు లేదు. తమ్ముడు ఎక్కి ఫోటోలు తీసుకువచ్చాడు, మేము క్రింద బెంచీ మీద కూర్చున్నాము.

అక్కడ జబ్బు చేస్తే

ఐరోపా సమాఖ్య దేశాలన్నిటిలో, స్విట్జర్లాండులో కూడా, అత్యవసర నంబరు 112. ఛాతీలో నొప్పి, మాట తడబడటం, మూతి వంకర పోవడం, స్పృహ తప్పడం వంటివి కనబడితే ఇంటికి ఫోను చేసి సలహా అడుగుతూ కూర్చోవద్దు, వెంటనే 112కు చేయండి. జర్మనీలో రాత్రివేళ, సెలవు రోజున అత్యవసరం కాని జబ్బుకు 116117 నంబరులో డాక్టరు దొరుకుతారు. మందుల షాపుకు జర్మనీలో ఎర్రని ఏ అక్షరం, ఫ్రాన్సులో పచ్చని శిలువ గుర్తు. పారాసిటమాల్ కూడా ఆ షాపులలోనే అమ్ముతారు. యాంటీబయాటిక్ చీటీ లేకుండా ఇవ్వరు.

ఒక అట్ట మీద పేరు, వయసు, జబ్బులు, మందుల అసలు పేర్లు, పడని మందులు, రక్తం గ్రూపు, అక్కడి పిల్లల ఫోను నంబరు, బీమా నంబరు ఇంగ్లీషులో వ్రాసి పెద్దవారి జేబులో పెట్టండి. స్టేషను గుంపులో విడిపోయినా అది పనికివస్తుంది. తెలుగు తప్ప మరొక భాష రానివారికి ఇది పాస్‌పోర్టు అంత ముఖ్యం.

తిరిగి వచ్చిన వారం లోపల ఓ.పి.కి తీసుకురండి. పరగడుపున రండి, షుగరు చీటీలు తీసుకురండి. నాలుగు వారాలలోపు ఒక కాలు మాత్రమే వాచినా, పిక్కలో నొప్పి ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వారం కోసం ఆగక అదే రోజు అత్యవసర విభాగానికి రండి. దూరప్రయాణం చేసి వచ్చామని డ్యూటీ డాక్టరుగారికి మొదటి మాటగా చెప్పండి.